మార్చిన సామానుకా, వెతికిన పనికా?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ షెడ్డు. వాదనకు దిగినవాళ్లు ఇద్దరు. ఒకరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. రెండో ఆయన లారీల వైరింగుతో పని నేర్చుకుని, ఇప్పుడు ఎక్కువగా కార్లే చూస్తున్న మేస్త్రి. లెక్చరరు గారి కారు పదేళ్ల నాటిది, పెట్రోలు బండి. పొద్దున తాళం తిప్పగానే స్టార్టయ్యేది. మధ్యాహ్నం అదే తాళం తిప్పితే ‘టిక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. ఊళ్లోనే ఇంకో షెడ్డువాళ్లు మొదట బ్యాటరీ మార్చారు. కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ అదే వరస. ఈసారి ఆల్టర్నేటరు పోయిందని అది మార్చారు. ఆ తర్వాత సెల్ఫ్ మోటారు మార్చారు. మూడు సామాన్లు, మూడు కూలీలు కలిపి రూ. 28,000 వదిలాక కూడా కాలేజీ గేటు ముందు పిల్లలు కారు తొయ్యాల్సి వచ్చింది.

ఈ మేస్త్రి చేతిలో పడ్డాక అసలు సంగతి బయటపడింది. ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది, ఎర్త్ పట్టీ. అది బోల్టు దగ్గర చిలుం పట్టి, సగం తీగలు తెగి ఉంది. కొత్త పట్టీ వేసి, బోల్టుల కింద తుప్పు గీకేస్తే కారు దారికొచ్చింది. అన్నీ కలిపి రూ. 600.

“ఆరు వందల జబ్బుకు ఇరవై ఎనిమిది వేలు గుంజారు. దీన్ని మోసం అనక ఏమనాలి మేస్త్రిగారూ?” అన్నారావిడ.

“మోసం అని నేననను మేడం. ఆ ‘టిక్’ చప్పుడుంది చూశారా, బ్యాటరీ దిగిపోయినా అదే చప్పుడు, సెల్ఫ్ మోటారు పట్టేసినా అదే, ఎర్త్ పోయినా అదే. ఆల్టర్నేటరు ఛార్జింగ్ ఇవ్వకపోతే బ్యాటరీ దిగుతుంది, మళ్లీ అదే చప్పుడు. పది బండ్లొస్తే ఎక్కువ బండ్లకి బ్యాటరీయే ఉంటుంది. వాడు అక్కణ్ణించి మొదలెట్టాడు. ఇంకో మాట. బ్యాటరీ మార్చగానే బండి బాగుపడిందన్నారు కదా?”

“కొన్నాళ్లు.”

“ఎందుకు బాగుపడిందనుకుంటున్నారు? బ్యాటరీ విప్పినప్పుడు క్లాంపులు విప్పి బిగిస్తాం. టెర్మినల్ గీకుతాం. సెల్ఫ్ మోటారు విప్పినప్పుడు ఇంజను దగ్గర నాలుగు బోల్టులు కదులుతాయి. ఆ కదలికకే ఎర్త్ కాస్త అతుక్కుంటుంది. బండి స్టార్టవుతుంది. తన సామానుతోనే బాగుపడిందని వాడూ నిజంగానే నమ్మి ఉంటాడు.”

ఈ మాట ఆవిడకు కొత్త. కాసేపు ఆలోచించి, మళ్లీ అందుకున్నారు. “నమ్మాడంటే ఒప్పుకుంటాను. కొలిచాడా అన్నది నా ప్రశ్న. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు పద్నాలుగు వోల్టుల అటూ ఇటూ ఉంటే ఆల్టర్నేటరు పని చేస్తున్నట్టు. మీరు చేసింది నేను పక్కనే నిలబడి చూశాను. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజను మీద పెట్టి, కుర్రాణ్ణి తాళం తిప్పమన్నారు. అరవోల్టు కూడా చూపించకూడని చోట రెండు వోల్టులు దాటింది. ఐదు నిమిషాల పని. ఆ షెడ్డులో మీటరు లేదా?”

“మీటరు ఉండే ఉంటుంది. వాడే అలవాటు ఉండకపోవచ్చు. మేం పని నేర్చుకున్నది టెస్ట్ ల్యాంపుతో మేడం. ఒక బల్బు, రెండు వైర్లు. బల్బు వెలిగితే కరెంటు వస్తున్నట్టే. ఇలాంటి ఎర్త్ దగ్గర పెట్టినా ఆ బల్బు బ్రహ్మాండంగా వెలుగుతుంది.”

ఎందుకు వెలుగుతుందో లెక్చరరు గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏటా ఇంటర్ పిల్లలకు చెప్పే ఓమ్ సూత్రమే. చిలుం పట్టిన ఆ అతుకులో ఓములో నూరోవంతు నిరోధం ఉందనుకుందాం. టెస్ట్ ల్యాంపు తీసుకునేది అర ఆంపియరు లోపే కనుక అక్కడ పోయే వోల్టేజి లెక్కలోకే రాదు. చిన్న కారు సెల్ఫ్ మోటారు తిరగాలంటే 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు అదే అతుకు దగ్గర వోల్టున్నర పోతుంది. నిరోధం ఇంకాస్త పెరిగితే మోటారు తిరగదు. హారను మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, బండి మాత్రం కదలదు. చేత్తో పని నేర్చుకున్న తరానికి కళ్లెదుట వెలిగే బల్బే సాక్ష్యం. ఆ సాక్ష్యం ఇక్కడ అబద్ధం చెబుతుంది.

1960లలో పటమట పక్కన మొదలైన జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి ఆర్మేచర్ వైండింగ్ దాకా దొరకని పని లేదు. ఇక్కడి మేస్త్రీల్లో చాలామంది చిన్న వయసులోనే షెడ్డులో చేరి, గురువు చేతి కింద చూసి నేర్చుకున్నవాళ్లు. చెవితో విని బేరింగు అరిగిందని చెప్పగలరు. ఆ విద్యకు మీటరు తోడైతే ఎలా ఉంటుందో లెక్చరరు గారు ఈ షెడ్డులో చూశారు. అందుకే ఆవిడ కోపం ఆగలేదు.

“నేర్చుకోలేదు సరే. నేర్చుకోని పనికి నా దగ్గర డబ్బు తీసుకోవడం ఏం న్యాయం?”

“దానికి మీరంతా కూడా జవాబు చెప్పాలి మేడం,” అన్నాడు మేస్త్రి. “మీటరు పెట్టడం ఐదు నిమిషాల పనే. ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికి గంట పట్టింది. ఆ గంటకి నేను మిమ్మల్ని ఎంత అడిగాను? ఏమీ అడగలేదు. అడిగితే ఎవరూ ఇవ్వరు. ‘ఏం మార్చావని డబ్బులు?’ అంటారు. మూడు వేల సామాను వేస్తే మాట్లాడకుండా ఇచ్చేవాళ్లు, గంట వెతికి వదులైన వైరు బిగిస్తే మూడొందలకి గీసి గీసి బేరమాడతారు. ఇంక షెడ్డువాడు ఏం నేర్చుకుంటాడు? వెతకడంలో కూలి లేదు, మార్చడంలో ఉంది అని నేర్చుకుంటాడు. సామాను కొట్టువాడు మాకు కాస్త తగ్గించి ఇస్తాడు, మేం బిల్లులో పూర్తి ధర వేస్తాం. షెడ్డు అద్దె, కుర్రాళ్ల జీతాలు ఆ తేడాలోంచే వెళ్లాలి.”

“అంటే సామాను ఎంత ఎక్కువ మారిస్తే మీకు అంత లాభం. ఇది మీ నోటితోనే చెప్పారు.”

“చెప్పాను. దాచడం ఎందుకు?”

“డాక్టరు దగ్గరికి వెళ్తే చూసినందుకు ఫీజు వేరు, మందుల ఖర్చు వేరు. చూసిన ఫీజు ఇవ్వనని ఎవరూ అనరు. మీరు కూడా బోర్డు పెట్టండి: జబ్బు కనిపెట్టినందుకు ఇంత అని. నేను ఇస్తాను.”

“మీరిస్తారు. మీ వెనకాల వచ్చేవాడు పక్క షెడ్డులో ‘చెకింగ్ ఫ్రీ’ అని చూసి అక్కడికి పోతాడు.”

రిపేరు తగువుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. వాహనం రిపేరులో అన్నిటికంటే కష్టమైన పని తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. మన బజార్లో దానికి ధర లేదు. ధర లేని పని జాగ్రత్తగా జరగదు. ఊహ మీద సామాను మార్చే పద్ధతి అలా స్థిరపడిపోయింది. ఆ ఊహ తప్పినప్పుడల్లా ఖర్చు బండి యజమాని మీద పడుతోంది.

మేస్త్రి తన వైపు నుంచి ఇంకో కారణం తెచ్చాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. సెన్సర్లు పెరిగాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం స్కానరు కావాలి, పూర్తి వివరాలు కంపెనీ సర్వీసు సెంటర్లోనే దొరుకుతాయి. “మాకు పుస్తకం ఇవ్వరు, కోడు ఇవ్వరు. ఊహించక ఏం చేస్తాం?”

ఈ ఫిర్యాదుకు పెద్ద చరిత్రే ఉంది. అసలు విడిభాగాలనూ, పరీక్ష పరికరాలనూ బయటి షెడ్లకు అందకుండా చేస్తున్నారని సీసీఐ, అంటే కాంపిటిషన్ కమిషన్, 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలను తప్పుపట్టింది. అందరికీ కలిపి సుమారు రూ. 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు ఒక పోర్టల్ తెరిచింది. అది చూసుకునే నాలుగు రంగాల్లో వాహనాలు కూడా ఉన్నాయి.

లెక్చరరు గారు ఇదంతా విని ఒప్పుకోలేదు. “మీ మాట నిజమే, కంపెనీలు తలుపులు తెరవాలి. నా కారుకు మాత్రం ఈ సాకు చెల్లదు. ఎర్త్ పట్టీకి ఏ కోడు అక్కర్లేదు. ఏ కంపెనీ రహస్యమూ అందులో లేదు.”

“అది నిజం,” అన్నాడు మేస్త్రి వెంటనే.

“ఇంకోటి వినండి. మూడోసారి డబ్బు మొత్తం కట్టేదాకా నా కారు తాళం ఇవ్వలేదు. అది దౌర్జన్యం కాదా?”

ఇక్కడ మేస్త్రి గట్టిగా నిలబడ్డాడు. “కాదు మేడం. చేసిన పనికి కూలి ఇచ్చేదాకా బండి ఆపుకునే హక్కు మాకుంది. ఆ హక్కు కూడా లేకపోతే రోజుకో బండి డబ్బు ఎగ్గొట్టి పోతుంది.”

చట్టం ఆయన పక్షానే ఉంది, ఒక హద్దు దాకా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో ఉపయోగించి పని చేసినవాడు, ఆ పనికి రావాల్సిన డబ్బు అందేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. పాత బాకీలకు ఇది వర్తించదు, ఆ పని వరకే. ఆ పని కూడా వస్తువును ఏ ఉద్దేశంతో అప్పగించారో దానికి తగినట్టు జరిగి ఉండాలి.

“ఏ ఉద్దేశంతో అప్పగించాను? కారు స్టార్టవ్వాలని. సెల్ఫ్ మోటారు మార్చండని నేను అడగలేదు,” అన్నారావిడ.

“మార్చేముందు ఫోన్ చేసి చెప్పారా?”

“చెప్పారు.”

“మీరేమన్నారు?”

“సరే, చెయ్యండి అన్నాను. వాళ్లు చెబుతుంటే కాదనడానికి నాకేం తెలుసు?”

“అంటే ఆయన మీరు సరేనన్న పని చేశాడు. కష్టపడ్డాడు. జబ్బు తగ్గలేదని కూలి ఎగ్గొట్టడం కూడా న్యాయం కాదు కదా మేడం.”

ఈ చిక్కుముడి విప్పడానికి ఒకే ఒక కాగితం చాలు: జాబ్ కార్డు. అందులో ‘తాళం తిప్పితే అప్పుడప్పుడు స్టార్టవడం లేదు, కారణం చూడాలి’ అని రాసి ఉంటే షెడ్డు తీసుకున్న బాధ్యత ఒకటి. ‘సెల్ఫ్ మోటారు మార్చాలి’ అని రాసి ఉంటే ఇంకొకటి. చిన్న షెడ్లలో చాలాచోట్ల ఈ రెండిట్లో ఏదీ రాయరు. కారు నంబరు, ఫోన్ నంబరు, అంతే. తగువు వచ్చిన రోజున ఇద్దరి దగ్గరా మాటలే మిగులుతాయి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1970ల మొదట్లోనే ఆటోమోటివ్ రిపేర్ చట్టం అమలులోకి తెచ్చింది. రిపేరు షాపులను చూసుకోడానికే ఒక ప్రభుత్వ విభాగం అక్కడ ఉంది. పని మొదలుపెట్టకముందే ఎస్టిమేటు రాసివ్వాలి. అది దాటాల్సి వస్తే మళ్లీ అనుమతి అడగాలి. యజమాని కోరితే తీసేసిన పాత సామాను తిరిగి ఇవ్వాలి. బే ఏరియాలో ఉంటున్న తెలుగువాళ్లను అడిగితే, తప్పు కనిపెట్టడానికి వేరే ఫీజు కట్టడం అక్కడ మామూలు సంగతేనని చెబుతారు. మన దగ్గర షెడ్ల కోసమే రాసిన అలాంటి చట్టం లేకపోయినా, వినియోగదారుల చట్టం ఉంది. 2020 జులై నుంచి అమలవుతున్న 2019 చట్టం కింద రిపేరు కూడా సేవే. అందులో లోపముంటే జిల్లా కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. కట్టిన సొమ్ము రూ. 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాలన్న నియమమూ లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి.

బిల్లు మాట రాగానే మేస్త్రి అడ్డుకున్నాడు. “బిల్లు మేం ఇవ్వమనే అంటారు అందరూ. 18 శాతం జీఎస్టీ పడుతుందనగానే ‘బిల్లు వద్దులే, తగ్గించు’ అనేది ఎవరు? మీరు ఆ మూడుసార్లలో బిల్లు తీసుకున్నారా?”

“బ్యాటరీకి తీసుకున్నాను. మిగతా రెండిటికి తెల్ల కాగితం మీద రాసిచ్చారు.”

“చూశారా.”

“ఇచ్చింది తెల్ల కాగితమైతే తప్పు ఇచ్చినవాడిది. అడగలేదని నన్ను బోనెక్కించకండి. కొనేవాళ్లు అడిగినా అడగకపోయినా ఇవ్వడం అమ్మేవాడి పని.” ఆవిడ గొంతు పెరిగింది. “సరే, నేను అడిగేవి నాలుగు. నేను చెప్పిన జబ్బు నా మాటల్లోనే రాసుకోవాలి. వెతకడానికి ఎంత తీసుకుంటారో ముందే చెప్పాలి. ఏ సామాను మార్చినా, అది పోయిందని ఏ కొలతతో తేల్చారో రాయాలి. పాత సామాను నాకు ఇచ్చెయ్యాలి. ఇందులో మీకు కష్టమైనది ఏముంది?”

మేస్త్రి కాసేపు లెక్క చూసుకున్నాడు. మొదటిది, మూడోది, నాలుగోది ఒప్పుకున్నాడు. రెండో దానికి షరతు పెట్టాడు. “జబ్బు దొరక్కపోయినా ఆ డబ్బు ఇవ్వాలి.”

“దొరక్కపోయినా ఎందుకిస్తాను?”

“మీ బండి నా దగ్గర ఉన్న పూటంతా బుద్ధిగా స్టార్టయితే నేనేం చెయ్యను? అప్పుడప్పుడు వచ్చే జబ్బు మేం పిలిస్తే రాదు. అయినా నా గంట పోయింది.”

ఒక గంట వరకైతే ఇస్తానని ఆవిడ దిగివచ్చారు. దానికి బదులుగా తన షరతు పెట్టారు: మార్చిన సామానుతో జబ్బు తగ్గకపోతే దాని కూలి అడగకూడదు, సామాను వెనక్కి తీసుకోవాలి. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగించాక కొట్టువాడు వెనక్కి తీసుకోడు. ఆ నష్టం షెడ్డు నెత్తిన వేసుకోవాలంటే అందరి కూలీ పెంచక తప్పదు. “మీ ఒక్కరి తప్పుడు సామాను ఖర్చు పదిమంది మీద వెయ్యాలి. అది మీకు న్యాయంగా ఉందా?” అని అడిగాడు. కొలిచి మారిస్తే తప్పుడు సామాన్లు అన్ని ఉండవన్నారు ఆవిడ. ఎంత కొలిచినా కొన్ని ఉంటాయన్నాడు ఆయన. ఆ ఒక్క విషయంలో ఎవరూ మెట్టు దిగలేదు.

చివరికి ఆవిడ వచ్చిన పని బయటపెట్టారు. “నేను కమిషన్‌కు వెళ్తున్నాను. అసలు తప్పు ఎర్త్‌దేననీ, బ్యాటరీ, ఆల్టర్నేటరు, సెల్ఫ్ మోటారు అనవసరంగా మార్చారనీ మీరు రాసివ్వాలి.”

“ఎర్త్ సంగతి రాసిస్తాను. ఎక్కడ కొలిచాను, ఎంత చూపించింది, పట్టీ మార్చాక ఎంతకి దిగింది, తేదీ వేసి సంతకం పెట్టి ఇస్తాను. పాత పట్టీ కూడా తీసుకెళ్లండి. రెండోది రాయను.”

“తోటి షెడ్డువాళ్లని కాపాడుతున్నారా?”

“చూడని సామాను గురించి ఎలా రాయమంటారు మేడం? మీ పాత ఆల్టర్నేటరులో నిజంగానే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు. పదేళ్ల బండి అది. సెల్ఫ్ మోటారులో బుష్షులు పోయి ఉండొచ్చు. ఆ రెండూ నా బల్ల మీద పెడితే అరగంటలో చెబుతాను. అవి ఎక్కడున్నాయి?”

ఆవిడకు ఇవ్వలేదు. ఆవిడ అడగలేదు. పాత ఆల్టర్నేటరు, సెల్ఫ్ మోటారు ఇనుప సామాన్ల కింద పోయేవి కావు. బ్రష్షులూ బేరింగులూ మార్చి, అవసరమైతే వైండింగ్ కట్టి మళ్లీ అమ్మే కొట్లు ఆటోనగర్‌లోనే ఉన్నాయి. పాత బ్యాటరీకి సీసం విలువ ఉంది, కొత్తది కొన్నప్పుడు దాని ధర తగ్గించుకోవడం వాడుక. ఆవిడ దగ్గరున్న బ్యాటరీ బిల్లులో ఆ తగ్గింపు లేదు.

“అంటే నా వస్తువులే నాకు సాక్ష్యం. అవి వాళ్ల దగ్గర ఉన్నాయి,” అన్నారు లెక్చరరు గారు.

“ఉంటే ఉన్నాయి. అమ్మేసి ఉంటే ఆ మాటైనా వాళ్లు కాగితం మీద ఒప్పుకోవాలి కదా. ముందు అది అడగండి. అడిగేటప్పుడు నోటితో వద్దు, రాసి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.” మేస్త్రి కుర్రాణ్ణి కేకేసి బిల్లు పుస్తకం తెమ్మన్నాడు. రూ. 600కి బిల్లు రాసి, దాని కింద మరో వరస చేర్చాడు: జబ్బు వెతికినందుకు రూ. 300.

“ఇది ముందే చెప్పలేదే?” అన్నారావిడ.

“చెప్పలేదు. అందుకే అడగను. ఇందాక మీరు బోర్డు పెట్టమన్నారు కదా, బిల్లులో ఆ పనికి ధర కనిపించాలని రాశాను. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం.”

ఆవిడ తొమ్మిది వందలూ ఇచ్చి, కొలతలు రాసిన కాగితం అడిగి తీసుకున్నారు. కాగితంలో ‘రెండు వోల్టులు దాటింది’ అని ఉంటే, సరిగ్గా ఎంతో అంకె వెయ్యమన్నారు. మేస్త్రి 2.1 అని వేశాడు.